తోట కొనేముందు ఆడపడుచుల మాట అడగండి
(నూజివీడు ప్రాంత మామిడి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా కాయ ధర గురించి, మార్కెట్లో తీసే తరుగు గురించి, పూత మీద తేనెమంచు పురుగు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కాగితాల గురించి మాట్లాడుకుందాం. మా దగ్గరికి వస్తున్న తగాదాల్లో చాలావాటికి మూలం తోటలో లేదు, ఇంట్లో ఉంది.

ముందు మా పొరపాటు చెప్పుకోవాలి. మన సభ్యుడొకరు నాలుగెకరాల రసాల తోట కొంటూ మమ్మల్ని సలహా అడిగారు. ఈసీ తీయించాం. వన్‌బీ, అడంగల్, పాసుపుస్తకం చూశాం. అన్నీ అన్నదమ్ములిద్దరి పేరనే ఉన్నాయి. రిజిస్టర్ చేయించుకోమన్నాం. వాళ్లకు ఒక అక్క ఉన్నారా అని మాత్రం అడగలేదు. మరుసటి ఏడాది తోట పూత మీద ఉండగా ఆవిడ తన భాగం కోసం దావా వేశారు. సంగతి తెలిసి, కాయ కొంటానన్న వ్యాపారి అడ్వాన్సు వెనక్కి పట్టుకుపోయారు. ఆవిడ తప్పేమీ లేదు. తన వాటా తాను అడిగారు. తప్పు అడగని మాది.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చే చట్టం మన రాష్ట్రంలో 1986లోనే వచ్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అది అమల్లోకి వచ్చినట్టు లెక్క. అయితే అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. తండ్రి 2005 నాటికి బతికి లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతోనే ఉందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిన అమ్మకాలను, రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. ఇక తండ్రి స్వార్జితమైతే, వీలునామా రాయకుండా పోయినప్పుడు ఆయన భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. ఇది హిందూ కుటుంబాల సంగతి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ చట్టాలు వేరు, అక్కడా కూతురికి వాటా ఉంది.

పాసుపుస్తకంలో పేరు లేనంత మాత్రాన హక్కు పోదు. అందుకే తోట కొనేటప్పుడు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. ఊళ్లో నలుగురినీ విచారించండి. ఆడపడుచులుంటే వాళ్లను కూడా అమ్మకందారులుగా దస్తావేజులో చేర్పించండి. లేదంటే ముందుగా రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు రాయించండి. చాలామంది అక్కచెల్లెళ్ల చేత సాక్షి సంతకం పెట్టించి ఊరుకుంటారు. సాక్షి సంతకం పెట్టినంత మాత్రాన హక్కు వదులుకున్నట్టు కాదు.

ఆడవాళ్ల దగ్గర కొనడానికి భయపడేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు తులసమ్మ కేసు చెప్పాలి. అది మన ఆంధ్ర హైకోర్టు నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1931లో భర్త పోయిన ఆవిడకు మనోవర్తి కింద 1949లో రాజీ మీద కొంత ఆస్తి ఇచ్చారు, బతికినన్నాళ్లు అనుభవించడానికే అన్నారు. 1960, 61లో ఆవిడ అందులో కొంత లీజుకిచ్చి, కొంత అమ్మితే మరిది దావా వేశారు. మనోవర్తి హక్కు కింద వచ్చిన ఆ ఆస్తికి ఆవిడే పూర్తి హక్కుదారని 1977 మార్చి 17న సుప్రీంకోర్టు చెప్పింది. ఆవిడ దగ్గర కొన్నవాళ్లూ నిలబడ్డారు.

ఇప్పుడు పసుపుకుంకుమ మాట. ‘ఆ రెండెకరాలు అమ్మాయికే’ అని పెళ్లి పందిట్లో అంటాం. కాగితం రాయం. స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. కాపురం సాఫీగా ఉన్నంతకాలం నోటిమాట చాలనిపిస్తుంది. అది చెడిన రోజున అమ్మాయి చేతిలో ఏమీ ఉండదు. మన దేశంలో విడాకులైతే భర్త పొలంలో సగం భార్యకు వస్తుందనే చట్టం లేదు. ఆమె పేర ఉన్నది, పుట్టింటివాళ్లు ఆమెకిచ్చినది ఆమెవి. మిగతాది మనోవర్తి రూపంలో కోర్టు ఇప్పించాలి. పెళ్లికి పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుని ముందు ఆ దస్తావేజు రాయించండి.

కొనేవాళ్లకూ ఒక జాగ్రత్త. విడాకుల కేసులో మనోవర్తికి హామీగా కోర్టు భర్త స్థిరాస్తి మీద భారం పెట్టవచ్చు. ఆస్తి మీదే దావా నడుస్తుండగా కొంటే ఆ తీర్పుకు మీరూ కట్టుబడాలి. కోర్టు కేసు ఈసీలో కనబడకపోవచ్చు. ఈకోర్ట్స్ వెబ్‌సైట్లో అమ్మేవారి పేరుతో వెతకండి. భార్యాభర్తల మధ్య తగువుందని తెలిసీ, చవగ్గా వస్తోందని ఎగబడకండి. ఆ చవక వెనక ఒక ఇల్లాలి, పిల్లల తిండి ఉందని గుర్తుంచుకోండి.

మామిడి తోటకు మరో రెండు ప్రశ్నలు అదనం. కాపును ముందే వ్యాపారికి అమ్మి అడ్వాన్సు తీసుకున్నారా? తోటను ఏళ్ల తరబడి లీజుకిచ్చారా? ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. లింకు డాక్యుమెంట్ల ఒరిజినల్స్ కళ్లతో చూడండి. అవి తాకట్టులో ఉన్నా ఈసీలో తేలకపోవచ్చు. జీపీఏ మీద అమ్మకం హక్కు ఇవ్వదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 22ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో కూడా చూడండి.

లాయరు ఫీజుకు జంకి హక్కు వదులుకోవద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోన్ చేయొచ్చు. లోక్ అదాలత్‌లో రాజీకి కోర్టు ఫీజు లేదు, ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన విలువ ఉంది.

ఇకనుంచి మన సంఘం ఏ తోట కాగితాలు చూసినా మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఇంట్లో ఆడపిల్లలెందరు? దానికి జవాబు వచ్చాకే ఈసీ చూస్తాం. మీరూ అలాగే చేయండి. కొనేటప్పుడే కాదు, మన ఇంట్లో పంచేటప్పుడూ ఆ ప్రశ్నే ముందు వేసుకోండి.