పన్నును, ప్రశ్నయు



పన్ను ఎగవైచుట పౌరుషమని మనలో కొందఱు తలంతురు. చీరాల పేరాలలను సాక్ష్యముగా చూపుదురు. ఆ కథ వేఱు. ప్రభుత్వము ఆ యూళ్లను కలిపి పురపాలక సంఘముగా చేసెను. పన్నులు పెరిగినవి, వలదన్న ప్రజల మొఱ చెల్లలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట వేలకొలది జనులు ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని, నెలల తరబడి ఎండవానల కోర్చిరి. తమ్మడుగక వేసిన పన్నును వారొప్పరైరి. అచ్చటను క్రమము తప్పలేదు; రామదండు దానిని కాపాడెను.

నేడు మన మాటకు చోటు కలదు. 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చెను. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న స్త్రీపురుషులెల్లరును అందు సభ్యులే. మిరపటిక్కీల తూకమును, పత్తి తూకమును రెండుమార్లు సరిచూచుకొను మనము, వీధిదీపములకైన వ్యయము నొక్కమారైన అడుగుచున్నామా?

బడిపిల్లలకు నేను చెప్పిన పౌరధర్మ మింతియే: ఇంటిపన్ను గడువులో చెల్లింపుడు, రసీదు పుచ్చుకొనుడు, గ్రామసభకు పోయి లెక్క అడుగుడు. పన్ను చెల్లింపనివాని ప్రశ్నకు బలము లేదు. ప్రశ్నింపనివాని పన్నునకు కావలి లేదు. రాబోవు సభకు మీ యింటి కోడండ్రను గూడ వెంటబెట్టుకొని పొండు.