ఊరి బయలు, పిల్లల బంతి

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మురుగు కాలువలు, వీధి దీపములు, ఇంటి పన్ను - ఇవి మీ సమావేశములలో ప్రతిసారియు చర్చకు వచ్చునవి. నేడు మేము మనవి చేయబోవునది ఏ కార్యక్రమ పత్రములోను చోటు చేసికొనని విషయము. అది మీ ఊరి పిల్లల క్రికెట్టు. మీలో కొందరు నవ్వుచున్నారు. కొంచెము ఓపికతో వినుడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేడు పురపాలకములు. మీరు వాని చుట్టునున్న గ్రామములవారు. గడచిన వేసవిలో మేము ఈ ప్రాంతమున తిరిగినపుడు ఆట లేని ఊరు కనబడలేదు. ఇంటి పెరటిలో ఇటుకలు పేర్చి వికెట్లనుచున్నారు. కళ్లములో ఆరబోసిన పసుపు మీద బంతి పడినచో కొట్టినవాడు అవుటు. ప్రక్క ఇంటి రేకుల మీద పడినను అవుటే. ఈ శాసనములు ఎవరును వ్రాయలేదు, ఎవరును మీరుట లేదు. బేసి సంఖ్య వచ్చినచో మిగిలిన బాలుడు ఇరుపక్షములకును ఆడును. వానిని వారు ‘జోకరు’ అందురు. పంచాయతీలో గూడ అట్టివాడొకడున్నచో ఎన్ని తగవులు తీరునో యని మాకు తోచినది.

యాసంగి కోతలు ముగిసిన పిదప ఆట పెరటి నుండి మడిలోనికి పోవును. కొయ్యకాళ్లను పారతో చెక్కి, నీళ్లు చల్లి, త్రొక్కి, ఇరువది రెండు గజములు అంగలతో కొలిచెదరు. అప్పుడు ఒక వాడకు వేరొక వాడతో పోటీ. ఓడినవారు గెలిచినవారికి చల్లని పానీయము గాని, క్రొత్త బంతి గాని కొని ఇయ్యవలెను. సిరిసిల్లలో మరమగ్గముల కార్ఖానాల నడుమ సందులలో ఆడుట చూచితిమి. కోరుట్ల వైపు ఒక ఊరిలో గల్ఫు నుండి సెలవుపై వచ్చినవారొక పక్షము, ఊరనున్నవారొక పక్షము. ముప్పది యేండ్లు దాటిన మనిషి ఒకడు ఒక్క పరుగునకై తగవులాడి, మరుక్షణమే ఆ తగవులాడిన మిత్రుని భుజముపై చేయి వేసి నడచెను. రెండేండ్లుగా దీనికే ఎదురు చూచితినని మాతో చెప్పెను.

ఇక అసలు సంగతి. జగిత్యాల సమీపమున ఒక పల్లెలో ఆట నడుమ బంతి వ్యవసాయ బావిలో పడినది. బావికి గోడ లేదు, మెట్లు లేవు. పండ్రెండేండ్ల బాలుడొకడు మోటారు పైపు పట్టుకొని దిగినాడు. మేము కేకలు వేయుచుండగనే బంతితో పైకి వచ్చి, నవ్వి, మరల ఆటలో చేరినాడు. మాకు మాత్రము కాళ్లు వణకినవి.

అచ్చట ఏల ఆడుచున్నారని అడిగితిమి. పూర్వము వేసవిలో చెరువు శిఖమున ఆడెడివారట. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైన పిదప తమ చెరువునకు పూడిక తీసిరి, నీరు నిలిచినది. అది మేలే. బడి వెనుక బయలు ప్లాట్లుగా అమ్ముడు పోయినది. 2022లో ప్రభుత్వము క్రీడా ప్రాంగణముల పథకము ప్రారంభించినది. ఆ ఊరి ప్రాంగణములో నేడు సర్కారు తుమ్మ ఏపుగా పెరిగియున్నది. దానిని కొట్టించుటకు ఎవరి అనుమతి కావలెనో వార్డు సభ్యుడు మమ్మే అడిగెను! అనుమతి ఇయ్యవలసినది తమ పంచాయతీయే కదా యంటిమి.

లేఅవుటు వేయువారు పదింట ఒక వంతు స్థలమును ప్రజోపయోగమునకు విడిచి, దానపత్రముతో స్థానిక సంస్థకు అప్పగింపవలెనని నియమము కలదు. ఆ దానపత్రము మీ కార్యాలయములో నున్నదా? ఆ స్థలమునకు హద్దురాళ్లున్నవా? ఇల్లు చేరగనే చూడుడు. కార్యదర్శిని అడుగుటకు మొగమాటపడవలదు. విడిచిన గొట్టపు బావులకు మూత వేయించవలెనని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించినది. దిగుడు బావి యజమానికి గోడ కట్టుమని చెప్పుటకు వేరే ఆదేశము కావలెనా?

బయలు దొరికినచో బాలికలకును వంతు ఉంచుడు. భద్రాచలము బాలిక గొంగడి త్రిష 2025లో పందొమ్మిదేండ్ల లోపు బాలికల ప్రపంచ కప్పు పోటీలలో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచినది. మేము చూచిన ఆటలలో బాలికలు గట్టు మీదనే కూర్చుండిరి.

పానీయపు పందెమునకును, ఫోనులో డబ్బు పెట్టు పందెమునకును భేదము మీ పిల్లలకు చెప్పుడు. రాష్ట్రములో రెండవది 2017 చట్ట సవరణతో నిషిద్ధమైనది. దానిలో భుజముపై చేయి వేయు మిత్రుడు ఉండడు.

ఆ పల్లె సభ్యులు ఈ సభలో నున్నారు. పేరు చెప్పము. వచ్చు ఆదివారము ఆ రెండు వాడలకు మరల పోటీ యున్నదట. బావికి ఇంకను గోడ లేదు.