కానరాని గాయము

సైనికుని దేహముపై గాయము లోకమునకు కానవచ్చును. మనస్సునకు తగిలిన దెబ్బ ఇంటివారికి సైతము కానరాదు. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగుల మ్రోతకు నిద్ర కోల్పోయి మాట తడబడిన వారిని పిరికివారని నిందించినవారు పెక్కుమంది. ఎడింబరో నగరపు శివారున క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక వైద్యశాలలోని ఆర్థర్ బ్రాక్ అను వైద్యుడు అట్లు తలపలేదు. మనిషి తన పనికి, పరిసరములకు దూరమగుటయే ఈ రోగమునకు మూలమని ఆయన మతము. భూమిని తాకినంతనే బలము పుంజుకొను యాంటియస్ అను గ్రీకు పురాణరాక్షసుని గాథ ఆయనకు దృష్టాంతము. 1917లో విల్‌ఫ్రెడ్ ఓవెన్ అను యువకవిచే వైద్యశాల పత్రిక నడిపించెను; పాఠశాలలో పిల్లలకు సాహిత్యము చెప్పించెను. వ్యయము స్వల్పమైన వైద్యమిది, చేయువారే అరుదు. ఓవెన్ కోలుకొనెను. కోలుకొనెను గనుకనే మరల రణరంగమునకు పోవలసివచ్చెను! 1918 నవంబరు 4న అచట నేలకొరిగెను. యుద్ధవిరామపు గంటలు మ్రోగిన నవంబరు 11ననే ఆ తంతి తల్లిదండ్రుల ఇంటికి చేరెను.