72 గంటల బాధ్యత

కడుపులో ఉన్న బిడ్డకు చేసే పరీక్ష ఎప్పుడు వైద్యమవుతుంది? తేలిన సంగతితో తల్లికో బిడ్డకో మేలు జరిగినప్పుడే అని నా నమ్మకం. దీనికి ఆర్‌హెచ్ వ్యాధి చరిత్రే సాక్ష్యం. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పులో బిడ్డ రక్తకణాలు తల్లి ఒంట్లో చేరి, వాటి మీద యాంటీబాడీలు పుట్టవచ్చు. తొలిచూలు బిడ్డ సాధారణంగా గట్టెక్కుతుంది. ఆ యాంటీబాడీల దెబ్బ తర్వాతి బిడ్డకు తగులుతుంది. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో వైద్యుడు విలియం లైలీ 1961లో ఉమ్మనీటిని పరీక్షించి బిడ్డకు ఎంత ముప్పుందో అంచనా కట్టే పద్ధతి చూపాడు. చెప్పి ఊరుకోలేదు. 1963లో తల్లి పొట్ట మీదుగా సూది దించి, లోపలున్న బిడ్డకే రక్తం ఎక్కించాడు. తల్లి శరీరం యాంటీబాడీలు తయారుచేయకముందే యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తే ముప్పు దాదాపు రాదని లివర్‌పూల్‌లో క్లార్క్, ఫిన్, అమెరికాలో ఫ్రెడా, గోర్మన్, పొలాక్ నిరూపించారు. 1968కల్లా ఆ మందు వాడకంలోకి వచ్చింది.

కాకతీయ వైద్య కళాశాల నుంచి పట్టాలందుకుంటున్న యువ డాక్టర్లారా, ఇక మిగిలింది మీ పని. ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వరంగల్ సీకేఎం ప్రసూతి ఆస్పత్రికి వచ్చిన గర్భిణి కార్డు మీద బ్లడ్ గ్రూప్ రాశారా? నెగటివ్ అయితే యాంటీబాడీలున్నాయేమో చూసే కూంబ్స్ పరీక్షకు పంపారా? బిడ్డ పాజిటివ్ అని తేలితే, కాన్పైన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడిందా? ఒకసారి యాంటీబాడీలు పుట్టాక వాటిని వెనక్కి తిప్పే ఇంజెక్షన్ లేదు.

కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పే ఇదే విజ్ఞానం ఆడపిల్లల పాలిట శాపమైంది కదా అంటారు. అవును, కాదనలేం. దేశంలో 2001లో ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు 927 మంది ఆడపిల్లలుంటే, లింగనిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం ఉండగానే 2011లో ఆ సంఖ్య ఇంకా తగ్గింది. కానీ లింగం తెలుసుకోవడానికి దించిన సూదిలాగే లైలీ వాడిన సూదీ ఉమ్మనీటి కోసం దించిందే. ఎందుకు దించారన్నదే తేడా. ఆ చట్టం కింద స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్‌లో ఒక గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన నేరమా అని వైద్యుల సంఘం సుప్రీంకోర్టుకెళ్తే 2019లో కోర్టు ఒప్పుకోలేదు. వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా స్కాన్ ఎందుకు చేశామో రాయని చోట నిజం తేల్చే ఆధారమే మిగలదు.

గర్భంలో నయం చేయలేని జబ్బుల మాటేమిటని అడగవచ్చు. తలసీమియా, సికిల్‌సెల్ వంటివాటికి హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ పరిశోధన కేంద్రంలో గర్భస్థ పరీక్షలున్నాయి. అక్కడ మేలంటే మందు కాదు, తల్లి తెలిసి తీసుకునే నిర్ణయం. ఏజెన్సీ నుంచి వచ్చిన జంటకు తెలుగు సరిగా రాకపోతే, కోయ భాష వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫలితం అర్థమయ్యేదాకా చెప్పండి.