గురువారం రాత్రి రెండో ఆట



బహ్రెయిన్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య ఏం సినిమాలు చూశారో, అక్కడ పొద్దెలా పుచ్చుతున్నారో నాలుగు మాటలు చెప్పమని అడిగారు. సినిమా అన్నాక నాలుగు మాటలతో ఆపడం నావల్ల కాదండీ అని ముందే హెచ్చరించాను. అయినా పిలిచారు కాబట్టి ఇక అనుభవించాల్సిందే.

మాది తెనాలి. సినిమా పిచ్చి అక్కడి నీళ్లలోనే ఉంటుందనుకుంటాను. ఇక్కడ బ్యాంకులకి కంప్యూటర్ సలహాదారుగా పని. పాత సర్వర్లు తీసి కొత్తవి పెట్టే పనులు ఖాతాదారులు నిద్రపోయే వేళకే, అంటే వారాంతపు రాత్రులకే పడతాయి. అందుకని ఖాళీ దొరికిన గురువారం రాత్రి నాకు పండగే. గురువారం ఏమిటంటారా? ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. 2006 దాకా గురు, శుక్రవారాలుండేవి, ఆ ఏడాదే మార్చారు. కొత్త సినిమాలు కూడా సాధారణంగా గురువారమే దిగుతాయి. మీకు శనివారం రాత్రి ఎలాగో మాకు గురువారం రాత్రి అలాగ.

ఎడారి దేశంలో సినిమా హాళ్లేమిటని మా మేనత్త ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. మన బెజవాడలో మారుతి సినిమా హాలు వెలిసింది 1921లో. ఇక్కడ మహమూద్ అల్ సాతీ అనే ఆయన బొమ్మలాడించే యంత్రం తెప్పించి ఒక చిన్న పాకలాంటి చోట సినిమాలు చూపించింది 1922లో. ఒక్క ఏడాదే తేడా. అప్పటికింకా ఇక్కడ చమురు కూడా బయటపడలేదు, అది 1932లో మాట. అంటే వీళ్లకి పెట్రోలు కంటే ముందే సినిమా వచ్చిందన్నమాట. ఆ లెక్క చెప్పాక మా అత్త కాస్త శాంతించింది.

ఇప్పుడు మాల్స్‌లో పదేసి, ఇరవయ్యేసి తెరలున్న హాళ్లున్నాయి. కాని తెలుగు సినిమా అంటే అందులో ఒక తెర, అదీ మూలనున్నది. మలయాళీ సోదరులు మనకంటే చాలా ఎక్కువమంది, వాళ్ల సినిమాలకి పగలూ రాత్రీ ఆటలు పడతాయి. మనకి రాత్రి పదిన్నరకి ఒకటి పడితే అదృష్టం. రెండో వారానికి పోస్టరు కూడా ఉండదు. కాబట్టి చూద్దాంలే అనుకుంటే పోయినట్టే. ఈ తొందర కూడా ఒక సుఖమే నండోయ్. ఇంట్లో టీవీలో వెయ్యి సినిమాలుండి ఏది చూడాలో తేలక పడుకునే రోజుల్లో, ఉన్న ఒక్క ఆటకి పరిగెత్తడంలో మజా ఉంది.

పరిగెత్తే ముందు ఒక ఆచారం ఉంది. టీ కొట్టు ముందు కారు ఆపి ఒక్కసారి హారన్ కొడితే కుర్రాడు కరక్ చాయ్ తెచ్చి కిటికీలోంచి అందిస్తాడు. పాలు బాగా మరిగి, యాలకుల వాసనతో, ఇరానీ చాయ్‌కి పినతల్లి కొడుకులా ఉంటుంది. పక్కనే రొట్టెల కొట్టుంటే తందూరులోంచి తీసిన ఖుబ్జ్ రొట్టె, చేయి కాలేంత వేడిగా. దాన్ని కారులోనే చింపుకు తినాలి, ఇంటికి తీసుకెళ్తే రుచి పోతుంది. తర్వాత వెనక సీట్లో ఉన్న శాలువా తీసుకోవాలి. బయట ఆగస్టు ఉక్కపోతకి కళ్లద్దాల మీద ఆవిరి కమ్ముతుంటే, లోపల మాత్రం సంక్రాంతి నాటి చలి పెడతారు. మా ఆవిడ శాలువా మరిచిపోయిన ఒకే ఒక్క సినిమా ఏమిటంటే ఆర్ఆర్ఆర్. 2022 మార్చిలో, మూడు గంటల పైన సినిమా. శాలువా తనకిచ్చేసి నేను వణుకుతూ చూశాను. నా పక్కన ఒక బహ్రెయినీ కుర్రాడు కింద అరబ్బీ అక్షరాలు చదువుకుంటూ చూస్తున్నాడు. విరామంలో నన్ను అడిగాడు, వీళ్లిద్దరూ నిజంగా ఉన్నారా అని. ఉన్నారు, కాని కలుసుకోలేదు అన్నాను. కాసేపు ఆలోచించి, "కలుసుకుని ఉండాల్సింది" అన్నాడు. రెండు పేజీల సమీక్ష చదివినా నాకింత తృప్తి కలగలేదు.

అయితే ఈ హాళ్లలో నాకు బాగా గుర్తుండిపోయిన ప్రేక్షకులు ఈ దేశం వాళ్లు కారు, సముద్రం దాటి వచ్చినవాళ్లు.

శ్రోతల్లో అమెరికా, ఆస్ట్రేలియా వాళ్లకి తెలియకపోవచ్చు. పక్కనున్న సౌదీలో ముప్ఫై ఏళ్లకి పైగా సినిమా హాళ్లు లేవు. 2018 ఏప్రిల్‌లో గాని రియాద్‌లో మళ్లీ ఒక హాలు తెరవలేదు. సౌదీకీ మాకూ మధ్య సముద్రం మీద ఇరవై అయిదు కిలోమీటర్ల వంతెన ఉంది, 1986లో కట్టినది. దమ్మామ్, ఖోబర్, జుబైల్‌లలో పనిచేసే మనవాళ్లకి సినిమా అంటే ఆ వంతెన దాటడమే. గురువారం సాయంత్రం అటునుంచి బండ్లు బారులు తీరేవి.

ఇంజనీరింగ్‌లో నా గది మిత్రుడు ఒకడు జుబైల్‌లో ఉంటాడు. 2017 ఏప్రిల్ ఆఖర్లో బాహుబలి రెండో భాగం వచ్చింది. వాడూ, వాళ్లావిడా, అయిదేళ్ల పాపా వస్తామంటే నాలుగు టిక్కెట్లు కొన్నాను. మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది కాబట్టి నాలుగోది నాకు. ఆట మొదలైంది. వాళ్లు రాలేదు. వంతెన మధ్యలో ఒక దిబ్బ మీద పాస్‌పోర్టు గదులుంటాయి, అక్కడ ఇరుక్కుపోయారు. నేను మూడు ఖాళీ కుర్చీల మీద శాలువా, సమోసాల పొట్లం, నా చెప్పులు పెట్టి కాపలా కాస్తూ సినిమా చూస్తున్నాను. చెప్పులు పెట్టడం తప్పే, కాని హాలు నిండిపోయి ఉంది మరి.

సరిగ్గా విరామానికి వచ్చారు. పాప నైటుడ్రస్సులో ఉంది. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోడానికి వెళ్తున్నామని గదిలో ఉన్న అధికారికి కూడా చెప్పిందట. ఆయనకి ఏమర్థమైందో గాని నవ్వి ముద్ర వేశాడట. సరే, ద్వితీయార్ధం చూశారు. బయటకొచ్చాక వాడు అన్నాడు, "ఒరే, ఇంత దూరం వచ్చి సగం సినిమా చూసి పోతామా?" అర్ధరాత్రి ఆటకి మళ్లీ టిక్కెట్లు కొన్నాం. ఈసారి మొదటి సగం చూసి లేచాం. అలా వాళ్లు చావు ముందు చూసి, ప్రేమా పెళ్లీ తర్వాత చూశారు. తెల్లవారుజామున మా ఇంట్లో ఉప్మా తింటూ వాళ్లావిడ అంది, "అన్నయ్యగారూ, ఇలా చూస్తేనే బాగుందండీ. చివరికి అందరూ బతికే ఉన్నారు."

ఆ తర్వాతి ఏడాది సౌదీలో హాళ్లు తెరిచారు. మెల్లగా అటువైపు కూడా మన సినిమాలు పడసాగాయి. మంచిదే కదా, పిల్లలతో వంతెన మీద గంటలు గంటలు ఎవరు కూర్చుంటారు? కాని వాడు రావడం మానేశాడు. మానేశాడని నిష్ఠూరమాడను, నేను మాత్రం ఎన్నిసార్లు వెళ్లాను గనక! మా స్నేహంలో సగం ఆ టిక్కెట్లదేనని అప్పుడు గాని తెలియలేదు. పుట్టినరోజుకి ఒక సందేశం, సంక్రాంతికి ఒక ముగ్గు ఫొటో, అంతే మిగిలింది.

2024 డిసెంబరులో సెలవు మీద తెనాలిలో ఉన్నాను. పుష్ప రెండో భాగం వచ్చింది. ముందురోజు రాత్రి హైదరాబాదులో ప్రత్యేక ఆట దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది. ఆ వార్త చూసి మా అమ్మ నన్ను వారం దాకా హాలు వైపు పోనివ్వలేదు. నేనూ గట్టిగా అడగలేదు. సినిమా మీద ఎంత పిచ్చి ఉన్నా ఆ వార్త మింగుడుపడదు. తర్వాత ఒక మధ్యాహ్నం ఆటకి వెళ్లొచ్చాను. ఆ రాత్రే జుబైల్ నుంచి ఫోను.

"జాతర చూశావా?" అన్నాడు పలకరింపు కూడా లేకుండా.

సౌదీలో ఆ గంగమ్మ జాతర ఘట్టం, దాదాపు పంతొమ్మిది నిమిషాలు, కత్తిరించారని పత్రికల్లో కూడా వచ్చింది లెండి. వీడు కుటుంబంతో వెళ్లి చూస్తే కథ ఒక చోట గెంతినట్టుందట. "చెప్పరా" అన్నాడు.

మా నాయనమ్మ సినిమా కథలు చెప్పేది. మాయాబజార్ నేను కళ్లతో చూడకముందే చెవులతో చూశాను. వివాహభోజనం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఒక్కో పిండివంటనీ ఆగి ఆగి వడ్డించేది. ఆవిడ పద్ధతే పట్టుకున్నాను. డాబా ఎక్కి కూర్చుని, చీర రంగు దగ్గర్నుంచి, మెడలో నిమ్మకాయల దండ దాకా, అడుగు ఎక్కడ పడింది, డప్పు ఎక్కడ ఆగింది అన్నీ చెప్పాను. ఫోను స్పీకరులో పెట్టాడు. పాప, ఇప్పుడు పన్నెండేళ్లది, మధ్యమధ్య ప్రశ్నలడుగుతోంది. పంతొమ్మిది నిమిషాల జాతరకి నాకు నలభై నిమిషాలు పట్టింది. కింద మా అమ్మ, ఎవరితోరా అంత గట్టిగా ఆ పూనకం అని కేకేసింది. ఫోను పెట్టేసే ముందు వాళ్లావిడ అంది, "అన్నయ్యగారూ, మీరు చాలా కలిపి చెప్పారని తెలుస్తోంది. అయినా బాగుంది."

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. దీనికి కాస్త వెనక్కి, 2023కి వెళ్లాలి. ఇది హాల్లో చూసిన సినిమా కాదు.

మా బిల్డింగులో ఏసీలు బాగుచేయడానికి వచ్చే అన్న ఒకాయన ఉన్నాడు. జగిత్యాల దగ్గర ఊరు. పద్దెనిమిదేళ్లుగా గల్ఫ్‌లోనే. నన్ను సారూ అంటాడు, వద్దన్నా మానడు. ఆ మార్చిలో బలగం సినిమా విడుదలై, నెల తిరక్కముందే ఇంట్లో చూసుకునేందుకు వచ్చేసింది. తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఒకచోట కూర్చుని తెర కట్టుకుని చూస్తున్నారని వార్తలు. అన్న వాళ్లావిడ కూడా అలాగే చూసి ఫోనులో ఏడ్చిందట. "గంత ఏడ్చుడేంది సారూ, గా సినిమాల ఏమున్నది?" అని నన్నడిగాడు.

మా ఆఫీసులో మూలపడేసిన ప్రొజెక్టరు ఒకటుంటే అడిగి తీసుకుని, ఒక శుక్రవారం రాత్రి తూబ్లీలో వాళ్లుండే క్యాంపుకి వెళ్లాను. రంజాన్ నెల కాబట్టి ఆ వేళకి వీధులన్నీ మేలుకునే ఉన్నాయి. రెండు గదుల మధ్య నడవాలో దుప్పటి కట్టాం. కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్లు, ఇద్దరు రాయచోటి వాళ్లు, ఒక కోనసీమ కుర్రాడు, తెలుగు ముక్క రాని ఒక నేపాలీ. అల్యూమినియం డేగిసాలో బగారన్నం. నేల మీదే అందరం. ఇన్నేళ్లకి మళ్లీ నేల టిక్కెట్టు!

సినిమా మీకు తెలుసు. ఇంటి పెద్ద చనిపోతాడు. మూడో రోజున పిట్టకు పెడితే కాకి ముట్టదు, అయిదో రోజునా ముట్టదు. కొడుకులు, బిడ్డ, అల్లుడు పట్టింపులతో విడిపోయి ఉంటారు. మొదట్లో అందరూ పగలబడి నవ్వారు. వాళ్ల యాస తెర మీద హాస్యానికి కాకుండా మామూలు మాటగా వినబడటం వాళ్లకే కొత్తగా ఉంది. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి పాడటం మొదలుపెట్టాక నడవాలో చప్పుడు లేదు. నేపాలీ అతను కూడా కళ్లు తుడుచుకున్నాడు.

అన్న మాత్రం ఏడవలేదు. సినిమా అయిపోయి, దుప్పటి విప్పుతుంటే పక్కకొచ్చి అన్నాడు, "మా బాపు 2020ల పోయిండు సారూ. కరోనా అప్పుడు. ఫ్లైట్లు బందున్నయి గద. ఫోన్ల చూసిన అన్ని. మా బాపుకైతే కాకి ఎంబడే ముట్టింది."

మంచిదన్నా అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

దుప్పటి నాలుగు మడతలు పెట్టాడు. పెట్టి, మళ్లీ విప్పాడు. "అంటే, గప్పుడు నెట్టు ఆగింది సారూ. బొమ్మ ఆడనే నిలవడ్డది. ముట్టిందని మా తమ్ముడు చెప్పిండు."

నేను వైర్లు చుడుతున్నాను. ప్రొజెక్టరు ఇంకా వేడిగానే ఉంది.

"సారూ, గా కాకి వచ్చే సీను ఉన్నది సూడు, చివరిది. గదొక్కటి ఇంకోసారి పెడ్తవా?"

వైర్లు మళ్లీ విప్పాను. ఈసారి దుప్పటి కట్టలేదు. అన్న రెండు చేతులతో దాన్ని గోడకి పట్టుకుని, పక్కకి తల తిప్పి చూశాడు.

ఉంటానండీ. సెలవు.