నేపాళమున ఒక నెల
(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున గావించిన ఉపన్యాసము)



మా నలుగురిని విదేశసేవకు పంపుటకై మన సంఘపు విద్యార్థినిధినుండి దారిబత్తెము మంజూరైనప్పుడు, తిరిగివచ్చిన పిదప లెక్క ఒప్పగింపవలెనని కార్యదర్శిగారు నియమము పెట్టిరి. రూకల లెక్కను కార్యవర్గమునకు అప్పుడే ఒప్పగించితిమి. రూకలలో తేలని లెక్క ఒకటి మిగిలియున్నది. దానిని నేడు తమ సన్నిధిని విప్పుచున్నాము. ఇందు ఘనకార్యములు తక్కువ, పొరపాట్లు ఎక్కువ. తాము నవ్వినను మాకు చిన్నతనము లేదు.

2015వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీన, మధ్యాహ్నమునకు కొంచెము ముందు, నేపాళమున 7.8 పరిమాణముగల భూకంపము సంభవించెను. గోర్ఖా జిల్లాలోని బార్పాక్ ప్రాంతము దానికి కేంద్రము. మే 12వ తేదీన మరల 7.3 పరిమాణముతో భూమి కదలెను. దాదాపు తొమ్మిదివేలమంది మృతినొందిరి. సుమారు ఐదులక్షల ఇండ్లు నేలమట్టమాయెను. మొదటి భూకంపము వచ్చినది శనివారము. నాడు ఆ దేశమున వారపు సెలవు శనివారమే గనుక బడులు మూసియుండెను; అందుచేతనే ఎందరో పిల్లలు బ్రతికిరి. మేమున్న ఊరి ప్రధానోపాధ్యాయులు కూలిన బడిగోడలను చూపి ఈ మాట చెప్పినప్పుడు మాకు కొంతసేపు నోట మాట రాలేదు.

మేము పోయినది 2016 అక్టోబరు మాసమున. ఇల్లు కోల్పోయిన కుటుంబమునకు మూడు విడతలుగా 3 లక్షల నేపాళ రూపాయలిచ్చుటకు అప్పటికి అచ్చటి ప్రభుత్వము నిశ్చయించియుండెను. గోర్ఖా కొండలలో ఒక సేవాసంస్థ కట్టించుచున్న బడిగదికి రాళ్లు మోయుట, ఇసుక జల్లించుట, సాయంకాలము పిల్లలకు లెక్కలు చెప్పుట మాకప్పగించిన పని.

మొదటి పొరపాటు సరిహద్దులోనే జరిగినది. గోరఖ్‌పూరువరకు రైలులో పోయి, సునౌలీవద్ద సరిహద్దు దాటితిమి. బస్సు ఏడుగంటలకని చెప్పిరి. మా గడియారమున ఇంకను పది నిమిషములున్నవి గదా యని నిదానముగా టీ త్రాగి పోగా, బస్సు వెళ్లి ఐదు నిమిషములైనదనిరి. నేపాళపు కాలము మన కాలముకంటె పావుగంట ముందు! ఆ పావుగంటకు పరిహారముగా తరువాతి బస్సులో నిలుచుండి ప్రయాణము చేసితిమి. ఆ త్రొక్కిడిలో, గుంటూరునుండి భద్రముగా తెచ్చిన ఆవకాయజాడీ పగిలి, మా నలుగురి బట్టలకును ఒక్కటే రంగు వేసెను. ఊరు చేరునప్పటికి మేమెవరమో చెప్పకమునుపే మా వాసన చెప్పెను.

అచ్చట భోజనము పూటపూటకు పప్పు, అన్నము, కూర. ఆకుకూరను పులియబెట్టి ఎండబెట్టిన గుంద్రుక్ అనునది వారికి ప్రియమైన వంటకము. దాని పులుపు నోటికి తగిలినప్పుడు గోంగూర జ్ఞప్తికి వచ్చి మాలో ఒకరికి కన్నీళ్లు తిరిగినవి. ఆతిథ్యమిచ్చిన ముసలమ్మగారు కారము ఎక్కువైనదేమో యని బెల్లము తెచ్చి పెట్టిరి.

బరువులు మోయుటకు వారు డోకో అను వెదురుబుట్టను వీపున మోసి, నామ్లో అను పట్టెను నొసటికి తగిలింతురు. మన కావడి భుజమునకు ఎట్లో ఇది నుదుటికి అట్లు. పదేండ్ల బాలిక గడ్డిమోపుతో మెట్లెక్కుట చూచి మేమును రాళ్లెత్తుకొంటిమి. పట్టె జారి కంఠమునకు బిగిసెను. రాళ్లు దిగువచేనిలోనికి దొర్లెను. నాటినుండి మాకు సగము బుట్టయే నింపుచుండిరి. సేవకులకు సేవ చేయుట వారికొక అదనపు పనియయ్యెను.

ఇంతవరకు నవ్వుకొనదగినవి. ఇక చెప్పబోవునది అట్టిది కాదు.

రెండవనాడు దప్పిగొని, వసారాలోని చెంబును నోటికి కరచుకొని త్రాగి, ఆ చెంబునే మరల బిందెలో ముంచితిమి. ముసలమ్మగారు ఒక్కమాటయు అనక బిందెడు నీళ్లను మళ్లలో కుమ్మరించిరి. జుఠో యని ప్రక్కనున్న పిల్లవాడు చెప్పెను. మన ఎంగిలియే. చెంబెత్తి పోసికొని త్రాగుమని మన అవ్వలు నేర్పినది సీసాలకలవాటుపడి మరచితిమి. భూకంపము తరువాత ఆ కొండలలో ఎన్నో ఊటలు ఎండెను, కొన్ని చోటు మారెను. ఆ బిందె రాకపోకలు ఒక గంట నడక. మరునాడు తెల్లవారకమునుపే పోయి మేమే నీళ్లు తెచ్చితిమి. సగము దారిలో ఒలికెను. ఎంగిలి ఖరీదు నాడు తెలిసినది.

ఊరి దిగువను కమ్మరుల పల్లె కలదు. మా ఉలులకు పదును పెట్టినవారు వారే. ఒకనాడు ఎండలో పోగా ఒక కమ్మరి నీళ్లచెంబు తెచ్చి, చేతికీయక గోడమీద పెట్టి, నాలుగడుగులు వెనుకకు జరిగెను. మేము దగ్గరకు పోయి అతని చేతితోనే ఇమ్మని త్రాగితిమి. ఆ వార్త మాకంటె ముందు కొండయెక్కెను. ఆ సాయంకాలము మా విస్తళ్లు వంటయింటిలో లేవు, వసారాలో నుండెను. ముసలమ్మగారి ముఖమున కోపము లేదు, సంకటము కలదు.

అస్పృశ్యతను దండనార్హమైన నేరముగా నేపాళము 2011లో శాసించినది. మన రాజ్యాంగపు 17వ అధికరణము అంతకుముందే దానిని రద్దుచేసినది. శాసనము కొండలెక్కగలదు గాని వంటయింటి గడప దాటుటకు జాగు చేయును. మాకు మొదట రోషము కలిగెను. తరువాత మన ఊళ్ల టీ అంగళ్లలోని రెండు గ్లాసుల పద్ధతి జ్ఞప్తికి వచ్చెను. చిన్ననాడు దానిని చూచుచును మేము ఊరకున్నవారమే. ఆమెను నిందించుటకు నోరు రాలేదు.

ఇట్లుండగా నవంబరు 8వ తేదీ రాత్రి మన దేశమున 500, 1000 రూపాయల నోట్లు రద్దాయెను. మా సంచిలోనివన్నియు ఆ నోట్లే. మన నూరు రూపాయలకు నూటయరువది నేపాళరూపాయలని నిన్నటివరకు లెక్కకట్టిన అంగడి సాహుజీ మరునాడు చేతులు జోడించెను. సాయము చేయవచ్చిన మేము నాటినుండి అప్పులవారమైతిమి. పూచీ ఎవరని సాహుజీ అడుగగా ముందు పలికినవాడు ఆ కమ్మరియే. ఆ మాట విని ముసలమ్మగారు దిగివచ్చి, తన ఇంటి అతిథులకు తానుండగా మరియొకరి పూచీ యేలయని గద్దించిరి. చివరకు ఇద్దరి పేర్లును పద్దులో వ్రాసికొనిరి. ఒకే పుటలో, ఒకదానిక్రింద ఒకటిగా!

వంటయింటిలోనికి మమ్ము మరల పిలిచిరని చెప్పిన అది అబద్ధమగును. పిలువలేదు. కాని నాటినుండి ఆమె తన కంచమునుగూడ వసారాకు తెచ్చికొని మాతో కూర్చుండిరి. ఆ అప్పు సరిహద్దు చేరగానే పంపి తీర్చితిమి.

తిరిగివచ్చిన వెనుక మన పెద్దలు కొందరు, అచ్చట మనవారెవరైన ఉన్నారాయని ఆదరముతోనే అడిగిరి. దానికి ప్రత్యుత్తరముగా మా దినచర్యలోని ఒక పొరపాటును విన్నవింతుము. పైకప్పు రేకులు వచ్చిననాడు మోయుటకు మేము నిలువగా పిల్లలు, ముసలివారు, ఆ కమ్మరియు "మ పని, మ పని" యనుచు పరుగెత్తివచ్చిరి. ఇది మా పని, మీరేల యని మమ్ము త్రోసివేయుచున్నారు కాబోలునని తలచి ప్రక్కకు తొలగి, నాటి దినచర్యలో అట్లే వ్రాసికొంటిమి. ప్రధానోపాధ్యాయులు చదివించుకొని విని నవ్విరి. వారి భాషలో ఆ మాటకు "నేనును" అని అర్థమట! తొలగినవారమల్లా మరునాడు "మ పని" యనుచు వరుసలో నిలిచితిమి.

కావున సభవారికి మా విన్నపము రెండే. సేవకు పోగోరు విద్యార్థులకు ఈ నిధినుండి ఏటేట కొంత సొమ్ము కేటాయింపుడు. అట్లు పోయినవారిని ఎవరికి చేసితిరని గాక, ఏమి చేసితిరని అడుగుడు.  ఈ తీర్మానమునకు చేతులెత్తవలసివచ్చినప్పుడు తమనోటను ఆ రెండు మాటలే వినవలెనని మా ఆశ.