నిలిచి ఉండగానే కొలుద్దాం



శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలవారు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయినది. అదే సంవత్సరం ఆచార్య ఆండ్రూ టాలన్ పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని లేసర్ యంత్రంతో పొడవు, వెడల్పు, ఎత్తులు కొలిచి భద్రపరిచారు. 2019లో చర్చి కప్పు కాలిపోగా, పునర్నిర్మాణానికి ఆ కొలతలు అక్కరకు వచ్చినవి.

ఈ విద్య వింటే వచ్చేది కాదు. చేయగా చేయగా వచ్చేది. యంత్రాన్ని ఒకచోటనే నిలిపితే స్తంభం వెనుక భాగం అందదు, చోట్లు మార్చవలెను. ఫోటోలతో చేసేవారు ఒక ఫోటోలోని దృశ్యం సగానికి పైగా తరువాతి ఫోటోలో పడేటట్లు తీయవలెను. పక్కన కొలబద్ద ఉంచకపోతే రూపం వస్తుంది గాని పరిమాణం తెలియదు.

మనమున్న ఊళ్లలోనూ పాత గుళ్లున్నవి. అనుమతి పొంది, తెలిసినవారి వెంట నిలిచి, మన పిల్లలు ఈ పని చేతులారా నేర్చుకోవలెను.